ఎఫ్ లైన్: మార్కెట్ స్ట్రీట్ పాత ట్రాముల్లో నా రోజువారీ ప్రయాణం

శాన్ ఫ్రాన్సిస్కో చూడటానికి వచ్చినవాళ్లు పావెల్ స్ట్రీట్ చివర, రోడ్డు కింద కదిలే ఇనుప తాడు లాగే కేబుల్ కార్ కోసం బారులు తీరి నిలబడతారు. ఆ పక్కనే మార్కెట్ స్ట్రీట్ మీద గంట కొట్టుకుంటూ వెళ్లే ఎఫ్ లైన్ ట్రామును మాత్రం ఒక ఫొటో తీసి వదిలేస్తారు. నేను చాలా ఏళ్లుగా ఈ లైను మీదే ఆఫీసుకి వెళ్లొస్తున్నాను. ఈ ఊరు ఎలా పెరిగిందో, దెబ్బ తిన్న ప్రతిసారీ ఎలా లేచిందో కళ్లకు కట్టే బండి ఇంకోటి లేదని నా నమ్మకం. అదీ మామూలు సిటీ బస్సు టికెట్ ధరకే. కేబుల్ కార్‌కైతే దానికి రెండింతల పైనే పెట్టాలి.

రూటు సులభం. క్యాస్ట్రో అనే పేట దగ్గర, పదిహేడో వీధి కలిసే చోట మొదలవుతుంది. మార్కెట్ స్ట్రీట్ వెంబడి ఈశాన్యంగా, సివిక్ సెంటర్, పావెల్, మాంట్‌గోమరీ మీదుగా ఫెర్రీ బిల్డింగ్ దాకా వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగి, సముద్రం ఒడ్డునున్న ఎంబార్కడెరో రోడ్డు మీద, ఓడలు ఆగే పియర్లన్నీ దాటుకుంటూ ఫిషర్‌మన్స్ వార్ఫ్ చేరుతుంది. ఈ ట్రాముల్లో చాలావాటికి డ్రైవర్ క్యాబిన్ ఒక చివరే ఉంటుంది కాబట్టి రెండు చివరలా వీధుల చుట్టూ తిరిగి వెనక్కి మళ్లుతాయి.

చరిత్రంతా మార్కెట్ స్ట్రీట్‌లోనే ఉంది. 1847లో జాస్పర్ ఓ'ఫారెల్ అనే సర్వేయర్ ఊరి మ్యాపులో ఐమూలగా, 120 అడుగుల వెడల్పున గీసిన దారి ఇది. 1860లోనే ఇక్కడ పట్టాలు పడ్డాయి, మొదట నడిచింది ఆవిరి బండి. 1883 నుంచి కేబుల్ కార్లు. కరెంటు ట్రాములు ఊళ్లో మిగతాచోట్ల వచ్చేసినా, ఇంత అందమైన వీధిలో నెత్తిమీద తీగలేంటని మార్కెట్ స్ట్రీట్‌కి చాలామంది అడ్డుపడ్డారు. 1906 ఏప్రిల్ 18 భూకంపం, ఆ తర్వాత మంటలు ఆ వాదనను ముగించేశాయి. కేబుల్ యంత్రాలు నాశనమయ్యాక కొన్ని వారాల్లోనే తీగలు లాగి కరెంటు ట్రాములు నడిపారు. ఇవాళ నా ట్రాము పైన కనిపించే తీగ కథ అక్కడ మొదలైంది.

ఆ ట్రాములు ఒక ప్రైవేటు కంపెనీవి. వాళ్ల సేవలతో విసిగిపోయిన జనం సొంత ట్రాములు కావాలన్నారు. అలా 1912 డిసెంబర్ 28న గేరీ స్ట్రీట్‌లో మునిసిపల్ రైల్వే, అంటే ఇప్పటి ముని, మొదలైంది. అమెరికాలోని పెద్ద నగరాల్లో ప్రజల సొత్తుగా పుట్టిన మొదటి ట్రామ్ సంస్థ అదే. ఒకటో నంబరు బండిని మేయర్ జేమ్స్ రోల్ఫ్ స్వయంగా నడిపాడు. ఆ బండి ఇంకా ఉంది, పండగలకీ పబ్బాలకీ బయటికి తీస్తారు. తర్వాత మార్కెట్ స్ట్రీట్‌లో ప్రైవేటు కంపెనీకి రెండు పట్టాల దారులు, మునికి రెండు, మొత్తం నాలుగు దారుల మీద ట్రాములు పక్కపక్కన పోటీపడేవి. 1944లో ముని ఆ కంపెనీని కొనేసింది.

తర్వాత వచ్చింది సబ్‌వే. 1980లో ట్రాములు మార్కెట్ స్ట్రీట్ కిందికి దిగిపోవడం మొదలైంది. 1982 సెప్టెంబర్‌తో పైన రెగ్యులర్ సర్వీసు ఆగిపోయింది. మామూలుగా అయితే ఇంకో ఏడాదికి పట్టాలు పీకేసేవారు. కానీ అదే సమయంలో కేబుల్ కార్ వ్యవస్థను మొత్తంగా మరమ్మతు కోసం ఆపేశారు. టూరిస్టులకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి. మేయర్ డయాన్ ఫైన్‌స్టైన్ మద్దతుతో, 1983 వేసవిలో దేశవిదేశాల పాత ట్రాములను మార్కెట్ స్ట్రీట్ మీదికి తెచ్చారు. జనం ఎగబడ్డారు. 1987 దాకా ఆ వేసవి పండగ సాగింది. దాన్ని ఆధారం చేసుకునే 1995 సెప్టెంబర్ 1న ఎఫ్ లైన్ రోజువారీ సర్వీసుగా మొదలైంది. కేబుల్ కార్లు ఆగకపోయి ఉంటే ఈ లైనే ఉండేది కాదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక బండ్ల సంగతి. నాకు రోజూ దొరికేవి ఎక్కువగా పీసీసీ రకం. 1929లో, మోటారు కార్ల పోటీకి బెంబేలెత్తిన ట్రామ్ కంపెనీల అధ్యక్షులందరూ కమిటీగా కూర్చుని డిజైన్ చేయించిన బండి ఇది, పేరు కూడా ఆ ప్రెసిడెంట్స్ కాన్ఫరెన్స్ కమిటీ నుంచే వచ్చింది. 1936లో రోడ్డెక్కింది. ఉత్తర అమెరికాలో దాదాపు 5,000 తయారయ్యాయి. ఆ వరసలో ఆఖరిది, 1952 నాటి 1040 నంబరు బండి, శాన్ ఫ్రాన్సిస్కోదే. ఎఫ్ లైన్ కోసం ఫిలడెల్ఫియా నుంచి కొన్నింటిని, తర్వాత న్యూఆర్క్ నుంచి కొన్నింటిని కొన్నారు. ఒక్కోదానికి ఒకప్పుడు పీసీసీలు నడిపిన ఒక్కో ఊరి రంగులు వేశారు. పసుపు రంగు సిన్సినాటి, ఎరుపు రంగు లాస్ ఏంజెలెస్ (అక్కడి పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీది)... రంగు చూసే ఏ ఊరిదో చెప్పగలిగే స్థాయికి వచ్చేశాను. 1051 నంబరు బండిని గే హక్కుల నాయకుడు హార్వే మిల్క్ స్మృతికి అంకితం చేశారు. 1978లో హత్యకు గురైన ఆ నాయకుడి పేట క్యాస్ట్రో నుంచే ఆ బండి బయలుదేరడం నాకు చాలా నచ్చుతుంది.

వీలైతే ముందు సీట్లో కూర్చుని ఆపరేటర్ కాళ్లను చూడండి. పీసీసీని మోటారు కారులా పెడల్స్‌తో నడుపుతారు. కుడిది వేగానికి, మధ్యది బ్రేకుకి, ఎడమది భద్రత కోసం. ఆపరేటర్ స్పృహ తప్పి ఎడమ కాలు వదిలేస్తే బండి దానంతటదే ఆగిపోతుంది. అనుభవమున్న ఆపరేటర్ ఎక్కితే బయలుదేరినట్టే తెలియదు. వెన్న మీద కత్తిలా జారిపోతుంది. కొత్తవాళ్లయితే నిలబడ్డవాళ్లు కడ్డీ గట్టిగా పట్టుకోవాల్సిందే.

మిలాన్ నుంచి వచ్చినవి ఇంకో రకం. 1928 నాటివి. లోపల పొడవునా చెక్క బెంచీలు, ఎదురెదురుగా కూర్చుంటాం, ఎక్కిన ప్రతివాళ్లూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవాల్సిందే. గోడల మీద ఇటాలియన్‌లో రాసిన నోటీసులు అలాగే ఉంచారు. గేర్ల రొద ఎక్కువ, ఫోన్ మాట్లాడటం కుదరదు. చెక్క మీద ముప్పావు గంట కూర్చుంటే నడుము కూడా పట్టేస్తుంది. అయినా, కిటికీ కిందికి దించి గాలికి కూర్చుంటే ఆ బండే నాకు ఇష్టం. ఇదే రకం ట్రాములు మిలాన్ వీధుల్లో ఇప్పటికీ జనాన్ని మోస్తున్నాయి, అంటే ఇక్కడా అక్కడా ఇవి పనిలోనే ఉన్నాయి. పాత బండి బాగుండాలంటే దాన్ని అద్దాల గదిలో పెట్టకుండా రోజూ నడపాలని ఈ లైను చూశాకే నాకు నమ్మకం కుదిరింది. రోజూ నడిచేదాన్ని రోజూ చూసే మెకానిక్ కూడా ఉంటాడు మరి.

లోపాలూ ఉన్నాయి. ఇది నెమ్మది లైను. సిగ్నళ్లు, దగ్గర దగ్గరగా స్టాపులు, డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఎక్కే టూరిస్టులు, అన్నీ కలిపి ఆలస్యమే. చాలాసేపు ఒక్కటీ రాకుండా, వచ్చినప్పుడు రెండు మూడు వరసగా రావడం తరచూ జరుగుతుంది. మీటింగుకి టైం దగ్గర పడితే టెన్షన్ పెట్టుకోకుండా మెట్లు దిగి సబ్‌వే ఎక్కేయండి, నేనూ అదే చేస్తాను. పీసీసీ మెట్లు ఎత్తుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే, ర్యాంపుతో ఎత్తైన ప్లాట్‌ఫాం ఉన్న స్టాపులోనే ఎక్కించండి. వీల్‌చైర్లు ఎక్కేదీ అక్కడే. మధ్యాహ్నం ఎంబార్కడెరో వైపు కిక్కిరిసిపోతుంది, స్టాపులో నిలబడితే నిండిన బండి ఆగకుండా వెళ్లిపోవచ్చు.

ఎంబార్కడెరో భాగం 2000 మార్చిలో కలిసింది. దానికీ ఒక భూకంపమే కారణం. ఒకప్పుడు ఫెర్రీ బిల్డింగ్ ముందు రెండంతస్తుల ఫ్లైఓవర్ అడ్డంగా ఉండేది. 1989 అక్టోబర్ 17న అది దెబ్బతింది, 1991లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ జాగాలో ఈతచెట్లు, నడక దారి, మధ్యలో ట్రాము పట్టాలు వచ్చాయి. ఎండ రోజున ఫెర్రీ బిల్డింగ్ దాటి మలుపు తిరగ్గానే కుడివైపు నీళ్లు, ఎడమవైపు గుట్ట మీద కోయిట్ టవర్. రోజూ వెళ్లినా అక్కడ ఫోన్ పక్కన పెట్టేస్తాను.

మొదటిసారి ఎక్కేవాళ్లకి నా సలహా. పొద్దున్నే క్యాస్ట్రోలో ఎక్కండి, సీటు గ్యారంటీ. వార్ఫ్ వైపు వెళ్తుంటే కుడివైపు కూర్చోండి. దారిలో ఫెర్రీ బిల్డింగ్ దగ్గర దిగి, స్టూయర్ట్ స్ట్రీట్‌లోని చిన్న ట్రామ్ మ్యూజియం చూడండి, ప్రవేశం ఉచితం. ఒకసారి టికెట్ కొంటే రెండు గంటల దాకా చెల్లుతుంది కాబట్టి ఆ టైంలోపు మళ్లీ ఎక్కొచ్చు. తిరుగు ప్రయాణంలో మధ్య స్టాపుల్లో నిలబడకండి. జోన్స్ స్ట్రీట్‌లోని మొదటి స్టాపుదాకా నడిచి వెళ్లి ఎక్కండి. అక్కడ బండి ఖాళీగా వస్తుంది, ముందు సీటు కూడా దొరుకుతుంది.