పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ఏ పెల్లెట్లు? చాలాకాలం వాడాక మా మాట

ఎయిర్ పిస్టల్ కొత్తగా కొన్నవాళ్లు ముందు అడిగేది పెల్లెట్ల, అంటే సీసపు గుళ్ల, బరువు గురించే: 7 గ్రెయిన్లవి (0.45 గ్రాములు) మంచివా, 8.2 గ్రెయిన్లవా (0.53 గ్రాములు) అని. పది మీటర్ల దగ్గర బరువు చూపే తేడా చాలా కొంచెం. పెల్లెట్ తల మన బ్యారెల్‌కి సరిగ్గా అమరుతోందా, స్కర్ట్ (వెనక బోలుగా ఉండే అంచు) ఎక్కడైనా నొక్కుకుపోయిందా, డబ్బా ఏ లాట్‌ది (ఏ విడతలో తయారైంది) అన్నవే గ్రూప్‌ని, అంటే షాట్లు ఎంత దగ్గరదగ్గరగా పడతాయన్నదాన్ని, తేలుస్తాయి.

వాడినవి ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 పిస్టల్ (0.45 గ్రాములు), అదే కంపెనీ మైస్టర్‌కూగెల్న్ పిస్టల్ (అదీ 0.45), హెచ్ అండ్ ఎన్ ఫినాలె మ్యాచ్ పిస్టల్ (0.49), ఆర్10 రైఫిల్ (0.53). అన్నీ 4.5 మిల్లీమీటర్లవే, ముక్కు చదునుగా ఉండే రకం. అందుకే టార్గెట్ కార్డు మీద బొక్క గుండ్రంగా, అంచు చీలకుండా పడుతుంది.

బరువు సంగతి లెక్కలోనే తేలిపోతుంది. 0.45 గ్రాముల పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో వెళ్తే పది మీటర్లకి సుమారు 22 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. అదే శక్తితో 0.53 గ్రాములది వెళ్తే ఇంకో 4 మిల్లీమీటర్లు కిందపడుతుంది. సైట్ (గురి చూసే భాగం) కొన్ని క్లిక్కులు తిప్పుకుంటే సర్దుకునే వ్యవహారం. ఒకే డబ్బాలో పెల్లెట్ల మధ్య 1 శాతం బరువు తేడా ఉన్నా, కార్డు మీద వచ్చేది 0.2 మిల్లీమీటర్లే. బంగారం కొట్టు తక్కెడ తెచ్చుకుని రాత్రుళ్లు పెల్లెట్లు తూచేవాళ్లున్నారు. ఆ టైంలో డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసుకుంటే మేలు. బరువైన పెల్లెట్ నెమ్మది కాబట్టి బ్యారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు చెయ్యి కదిలే వీలుంటుంది. మణికట్టు ఇంకా నిలవనివాళ్లని పిస్టల్‌లో తేలికవి వాడమనేది అందుకే.

తల సైజు వేరే కథ. డబ్బా మీద స్టిక్కర్‌పై 4.48, 4.49, 4.50 అని ఉంటుంది. పెల్లెట్‌ని బొటనవేలితో నెట్టినప్పుడు అడ్డం లేకుండా జారిపోతే వదులు. గట్టిగా నొక్కాల్సొస్తే బిగుతు. అయితే వేలికి తెలిసేది కొంతే, చివరి మాట కార్డుదే. పైగా రెండు డబ్బాల మీదా 4.49 అనే ఉన్నా లాట్ మారితే గ్రూప్ మారొచ్చు. కాబట్టి ముందు ఒక్కో డబ్బా తెచ్చి చూసుకుని, నచ్చిన లాట్ నంబరే చెప్పి ఎక్కువ తీసుకోండి.

పరీక్ష ఇలా పెట్టండి. పిస్టల్‌ని బిగించే స్టాండ్ ఉంటే సరే సరి, లేకపోతే బల్ల మీద ఇసుక సంచి. పెల్లెట్ మార్చిన ప్రతిసారీ 20, 30 షాట్లు కార్డు లేకుండా కాల్చేయాలి. బ్యారెల్‌లో పాత సీసం పూత పోయి కొత్తది కుదురుకునే దాకా గ్రూప్ తిరుగుతూనే ఉంటుంది. ఫెల్ట్ (ఉన్ని) ముక్కతో బ్యారెల్ తుడిచాక మొదటి పది షాట్లనీ నమ్మకండి. ఆ తర్వాత సైట్ ముట్టుకోకుండా కార్డుకి పది చొప్పున ఐదు కార్డులు. ఎ, బి, సి డబ్బాలుంటే రెండో విడతలో సి, బి, ఎ వరసలో కాల్చండి, లేకపోతే మీ అలసటంతా చివరి డబ్బా ఖాతాలో పడుతుంది. సిలిండర్ గాలి బాగా దిగిపోయాక పరీక్ష వద్దు, వేగం పడిపోతుంది. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి 4.5 తీసేస్తే గ్రూప్ సైజు.

పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ అంచు తగిలినా పదే. అంటే పెల్లెట్ మధ్య బిందువు కేంద్రానికి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. 60 షాట్లకి, అంటే 600కి, 540 దాటనివాళ్లకి ఖరీదైన డబ్బా తెచ్చే తేడా చేతి వణుకులో కలిసిపోతుంది. రోజువారీ సాధనకి మైస్టర్‌కూగెల్న్ చాలు. ఆర్10ని పోటీకీ, పోటీ ముందు వారానికీ ఉంచుకోండి. ఫినాలె మ్యాచ్‌కి తల సైజు కుదిరిన బ్యారెల్‌లో ఆర్10కీ దానికీ తేడా చెప్పడం కష్టం.

ఇక మా విశాఖ గాలి సంగతి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో తెరిచిన డబ్బా వానాకాలంలో మసకేస్తుంది, కొన్నాళ్లకి పైన తెల్లటి పొడి కడుతుంది. చెక్క బీరువాలో పెడితే ఇంకా త్వరగా, ఎందుకంటే చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది. స్టీలు డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. తెల్లబడినవి పారేయాల్సిందే, తుడిచి వాడొద్దు. డబ్బా కింద పడితే స్కర్టులు నొక్కుకుంటాయి. అనుమానమున్న పెల్లెట్‌ని అద్దం మీద దొర్లించండి: మంచిది సాఫీగా వంపు తిరిగి వెళ్తుంది, దెబ్బతిన్నది ఎగిరెగిరి పడుతుంది.

పెల్లెట్లని నోట్లో పెట్టుకునే పాత అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి. సీసం అది. రేంజ్ నుంచి బయటికొచ్చి బజ్జీల బండి దగ్గర ఆగే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్‌తో సీసం పోదు.