‘ఎనభైల నాటి ఒరిజినల్, సీసం లేదు’ అని ఎవరైనా పాత మినియేచర్లు అమ్ముతుంటే కొనకండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత వార్‌గేమ్ బొమ్మలు (టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటల చిన్న మినియేచర్లు) కొని పెయింట్ చేసుకునేవాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉన్నాం. మనలో ఇంకెవరూ నాలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకాయన సిటడెల్ అనే బ్రాండ్ పాత మెటల్ బొమ్మలు పన్నెండు అమ్మకానికి పెట్టాడు. మొత్తం 9,600 రూపాయలు. ఈ బొమ్మలతో ఆడే వార్‌హామర్ ఆట మొదటి ఎడిషన్ 1983లో వచ్చింది. ఆ రోజుల బొమ్మలంటే నాకు ప్రాణం. ఆ వంకర ముక్కుల్లో, ఉబ్బిన బుగ్గల్లో చెక్కినవాడి చెయ్యి తెలుస్తుంటుంది. ఫోటోలు చూస్తే ఆగబుద్ధి కాలేదు. అయినా రెండు ప్రశ్నలు అడిగాను.

“అన్నా, ఇవి ఒరిజినలేనా?”

“ఎనభైల నాటి పోత తమ్ముడూ, గ్యారంటీ.”

“ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. సీసం ఉంటుందా?”

“అస్సలుండదు. లెడ్ ఫ్రీ.”

నేను అక్కడే ఆగాల్సింది. సిటడెల్ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ సీసం వాడకం మానేసింది 1997లో. ఎనభైల నాటి మెటల్ బొమ్మ అయితే అందులో సీసం ఉండి తీరాలి. లేదంటే అది ఆనాటిది కాదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, వేరేవాళ్లు కొనేస్తారేమోనన్న తొందరలో యూపీఐలో డబ్బు మొత్తం పంపేశాను.

బొమ్మలన్నీ మందంగా నల్ల ప్రైమర్ (రంగులకు ముందు వేసే పూత) కొట్టి వచ్చాయి. “నీకు పని తగ్గించా, డైరెక్టుగా రంగులేసుకో” అన్నాడు. మంచి మనిషి అనుకున్నాను. రెండు సాయంత్రాలు డైనింగ్ టేబుల్ మీదే కూర్చుని ఆకురాయితో అంచులు సాపు చేశాను. మూడోరోజు ఒక మరుగుజ్జు బొమ్మ చెయ్యి మార్చి, గ్రీన్ స్టఫ్‌తో (గట్టిపడే ముద్ద) కొత్తది చేద్దామని కట్టర్ పెడితే మైనంలా తెగింది. అప్పుడు అనుమానం వచ్చి, ప్రైమర్ ఊడేలా దాన్ని రాత్రంతా డెట్టాల్‌లో నానబెట్టాను. (ఇలా చేసేవాళ్లు తొలి కడుగు కూడా డెట్టాల్‌తోనే కడగండి. ముందే నీళ్లు తగిలితే పెయింటంతా జిగురులా అంటుకుంటుంది.)

పొద్దున బ్రష్‌తో రుద్దితే అసలు రూపం బయటపడింది. పాయలు పాయలుగా ఉండాల్సిన గడ్డం ముద్దయిపోయి ఉంది. కంటి రెప్పల గీతే లేదు. చంక కింద గాలిబుడగ వదిలిన గుంట. పాదాల కింద, బొమ్మ నిలబడే బేస్ గాడిలో దిగే పట్టీ మీద కంపెనీ పేరు, సంవత్సరం ఉంటాయి కదా, ఆ చోటంతా అరగదీసి ఉంది.

మా బాబాయి గాంధీ రోడ్డులో నగల పని చేస్తాడు. దీన్నీ, నా దగ్గర ఎప్పటినుంచో ఉన్న అదే మరుగుజ్జు అసలు బొమ్మనూ తీసుకెళ్లి చూపించాను. భూతద్దం పెట్టి ఒక్క నిమిషం చూసి, “ఇది అచ్చు మీద తీసిన అచ్చురా” అన్నాడు. పోసిన లోహం చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. ఆ పోత మీద అచ్చు తీసి మళ్లీ పోస్తే ఇంకొంచెం తగ్గుతుంది. పక్కపక్కన నిలబెడితే నేను కొన్నది వెంట్రుకవాసి పొట్టి. తర్వాత కట్టర్‌తో తెగిన అంచును తెల్ల కాగితం మీద గీశాడు. పెన్సిల్‌తో గీసినట్టు నల్లగా పడింది. సీసమే.

డబ్బు పోయిందన్న బాధకంటే ఆ గీత నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను రాకిన పొడి అదే టేబుల్ మీద పడింది. పాప అన్నం తినేదీ అక్కడే. డాక్టరుగారు రక్తంలో సీసం పరీక్ష రాశారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. నార్మల్ అని వచ్చింది, దేవుడి దయ. నకిలీ బొమ్మ అంటగట్టినందుకైనా క్షమిస్తానేమో గానీ, పసిపిల్ల ఉందని చెప్పి మరీ అడిగితే అబద్ధం చెప్పినందుకు మాత్రం క్షమించలేను.

ఫోటోలు పంపి అడిగితే “డెట్టాల్‌లో వేసి నువ్వే పాడుచేశావు” అని బ్లాక్ చేశాడు. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఉంచుకున్నాను కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వగలిగాను. మీరు కూడా అవన్నీ దాచుకోండి.

కొనేముందు ప్రైమర్ లేని ఫోటో అడగండి. పాదాల కింది పట్టీని దగ్గరగా, ఆరోజు న్యూస్‌పేపర్ పక్కన పెట్టి తీయమనండి. స్కేలు పక్కన నిలబెట్టి ఇంకొకటి. “ప్రైమర్ కొట్టేశాను, ఇప్పుడు తీయలేను” అంటే వదిలేయండి. అసలైన పాత బొమ్మల్లోనూ సీసం ఉంటుంది, అందుకని వాటిని మానేయక్కర్లేదు. అన్నం తినే చోట కాకుండా విడిగా ఒక పళ్లెంలో పెట్టి, తడిపి సాపు చేయండి. లేచాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లల చేతికి మాత్రం వద్దు.

మన ఊళ్లో ఎవరైనా పాత సిటడెల్ బొమ్మలు కొనబోతుంటే పట్టీ ఫోటో నాకు పంపండి, నా దగ్గరున్నవాటితో పోల్చి చెబుతాను. ఆ పన్నెండు బొమ్మల్నీ డబ్బాలో పెట్టి, మీద ‘నకిలీ, సీసం’ అని రాసి అటక మీద పెట్టాను. ఎంత ఇస్తామన్నా ఇంకొకరికి అమ్మను.