కోట్‌పల్లి బాటలో ఏ లేయర్‌ను నమ్మాలి?

మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోతే హైదరాబాద్ నుంచి అనంతగిరి దాదాపు 80 కిలోమీటర్లు. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద తెల్లవారుజామున బండి నడపడం నాకెప్పుడూ ఇష్టమే. అయితే ఈసారి మేమిద్దరం అనంతగిరి నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా వీలైనంత వరకు తారురోడ్డు ఎక్కకుండా పోవాలనుకున్నాం. ముందురోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రూటు గీశాను.

మ్యాప్ యాప్‌లో ఒకే చోటును శాటిలైట్ ఫొటోగానో, ఎత్తుపల్లాల పటంగానో మార్చి చూపే పొరలే లేయర్లు. శాటిలైట్ లేయర్‌లో చేల మధ్య తెల్లటి గీత ఒకటి స్పష్టంగా కనిపించింది. బండ్ల బాటే అనుకుని జీపీఎక్స్ ఫైల్లో (జీపీఎస్‌కు రూటు ఇచ్చే ఫైలు) పెట్టేశాను. ఆగస్టులో పోయి చూస్తే అక్కడ మోకాలి లోతు నీళ్లు, అడుగున మెత్తటి ఇసుక. పక్క పత్తిచేనులోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"అది బాట గాదు బిడ్డా, ఒర్రె. ఎండకాలమైతే నడుస్తరు."

మబ్బుల్లేని ఫొటోలే కావాలి కాబట్టి మన వైపు శాటిలైట్ చిత్రాలు ఎక్కువగా వానలు లేని నెలల్లోవే ఉంటాయి. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ తెరిస్తే చిత్రం తేదీ కనిపిస్తుంది, పాత తేదీలకు వెనక్కి తిప్పి కూడా చూడొచ్చు. ఆ రాత్రి నేను ఆ పని చెయ్యలేదు.

సాయంత్రం రూములో ఎత్తుపల్లాలు చూపే ఓపెన్‌టోపోమ్యాప్ తెరిచాను. సరిగ్గా ఆ గీత ఉన్నచోటే కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఒకదాని వెనక ఒకటి 'వి' ఆకారంలో వంగి ఉన్నాయి, మొనలన్నీ ఎత్తు వైపుకే. అంటే నీళ్లు దిగే దారి. అయితే ఈ కాంటూర్లకు ఆధారం ముఖ్యంగా 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. దాదాపు 30 మీటర్లకు ఒక పాయింటు. చిన్న గండి, నిటారు గట్టు అందులో దొరకవు.

ఎవరైనా గీసి సరిదిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిబాటలకు గ్రేడ్ 1 నుంచి 5 దాకా ఉంటుంది, 5 అంటే మెత్తటి నేల. మేము పోయిన బాటలకు ఎవరూ గ్రేడు రాయలేదు. నేల సంగతికి మళ్లీ శాటిలైటే పనికొచ్చింది: ఎర్రగా కనిపించిన మొరం వానలోనూ బాగుంది, నల్లగా ఉన్న రేగడి మడ్‌గార్డు నిండా పట్టి చక్రాన్నే ఆపేసింది. కర్రతో గీకడానికే అరగంట.

దామగుండం అడవి వైపు మాత్రం పాత ట్రాకులు పట్టుకుని పోకండి. అక్కడ నేవీ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది.

బస విషయానికొస్తే, మొదట బుక్ చేసిన ఫామ్‌స్టే పిన్ అసలు చోటికి రెండు కిలోమీటర్ల అవతల ఉంది, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. వికారాబాద్ టౌన్లో లాడ్జి తీసుకున్నాం. రూము మామూలుగానే ఉంది కానీ బండ్లు లోపల పెట్టనిచ్చారు, ఎదురుగానే పంక్చర్ షాపు. మట్టిలో తిరిగొచ్చేవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను.

మర్నాడు మొరం బాట మీద తొమ్మిదికల్లా కోట్‌పల్లి చేరాం. లోయలో సిగ్నల్ పోయినా, ముందే దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు ఆదుకుంది. ఇంటికొచ్చిన రాత్రే ఆ ఒర్రెను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వానాకాలం పారే వాగుగా గీసి పెట్టాను.