సొంత మెయిల్ సర్వర్ కొనేముందు దాని ఐపీ చరిత్ర చూసుకోండి: వరంగల్ చిన్న వ్యాపారులకు హెచ్చరిక

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చిన్న వ్యాపారం నడుపుతూ, ఒక్కో మెయిల్ ఖాతాకు నెలనెలా అద్దె కట్టే బదులు సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుందామని ఆలోచిస్తున్నవారు డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. కొత్తవాడలో నేసిన జంపఖానాలను ఇతర రాష్ట్రాల దుకాణాలకు పంపే మా సంస్థలో కొటేషన్లు, ఇన్‌వాయిస్‌లు అన్నీ మెయిల్‌లోనే వెళ్తాయి. హనుమకొండలోని ఒక హోస్టింగ్ విక్రేత 'క్లీన్ డెడికేటెడ్ ఐపీ, పూర్తి మెయిల్ సెటప్' అని రాతపూర్వకంగా ఇచ్చిన కొటేషన్‌ను నమ్మి ఏడాది ప్లాన్‌కు ముందే సొమ్ము కట్టాము. ఐపీ అంటే ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే సంఖ్య; అది మా ఒక్కరికే కేటాయించినది, చెడ్డపేరు లేనిది అని ఆ మాటలకు భావం. బయటి నుంచి వచ్చే మెయిళ్ళు చక్కగా అందాయి గాని, మేము పంపినవి మాత్రం మొదటి రోజు నుంచే తిరుగుటపాలో రావడం మొదలైంది.

ఫిర్యాదు చేయగానే 'మీ సెట్టింగులు తప్పు' అన్న జవాబు వచ్చింది. ఈ మాట అందరికీ చెప్తారు కాబట్టి, దాన్ని ఎలా పరీక్షించుకోవాలో కాస్త వివరంగా రాస్తున్నాను. సర్వర్‌లోని మెయిల్ లాగ్ (పంపిన ప్రతి మెయిల్ ఏమైందో నమోదయ్యే చిట్టా) తెరిస్తే ప్రతి తిరస్కరణకూ కారణం, కోడ్ స్పష్టంగా కనిపిస్తాయి. మా లాగ్‌లో జీమెయిల్ ఇచ్చిన జవాబు '550 5.7.25'. మెయిల్ పంపుతున్న ఐపీకి పీటీఆర్ రికార్డు (ఆ ఐపీ సంఖ్య ఏ పేరుగల సర్వర్‌దో చెప్పే నమోదు) లేదని, లేదా ఆ రికార్డులోని పేరు తిరిగి అదే ఐపీకి చేరడం లేదని దాని అర్థం. మెయిల్ నిజంగా మన పేరుమీదే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులను మన డొమైన్ డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల చిరునామా పట్టికలో) మనమే రాసుకోవచ్చు. పీటీఆర్ మాత్రం ఆ ఐపీ ఎవరి అధీనంలో ఉందో వారే రాయగలరు. ఫిబ్రవరి 2024 నుంచి జీమెయిల్ తన ఖాతాలకు మెయిల్ పంపే చిన్నా పెద్దా అందరి నుంచీ పీటీఆర్‌ను కోరుతోంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి అన్న నిబంధన రోజుకు 5,000కు పైగా పంపేవారికి వర్తిస్తుంది. తక్కిన వారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటి ఉన్నా సరిపోతుంది. మెయిల్ సర్వర్ పేరుతో సొమ్ము తీసుకున్నవారు పీటీఆర్ రాసి ఇవ్వకపోవడం, తాళం ఇవ్వకుండా ఇల్లు అద్దెకివ్వడం లాంటిది.

పలుమార్లు అడిగాక పీటీఆర్ రాశారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ ఐపీ, స్పామ్ మెయిళ్ళను పంపే ఐపీలను గుర్తించే స్పామ్‌హాస్ సంస్థ నిర్వహించే ఎస్‌బీఎల్ అనే బ్లాక్‌లిస్ట్‌లో, మేము కొనక ముందునుంచే ఉంది. మాకు ముందు దాన్ని వాడినవారు ఏం పంపారో మాకు తెలియదు గాని, ఆ చెడ్డపేరు ఐపీతో పాటు మాకు సంక్రమించింది. ఎస్‌బీఎల్ నుంచి తొలగించమని కోరవలసింది ఆ ఐపీని నడిపే నెట్‌వర్క్ సంస్థే తప్ప దాన్ని అద్దెకు తీసుకున్న మనం కాదు. ఇది చెప్పినప్పుడు విక్రేత 'బ్లాక్‌లిస్ట్ తొలగింపు రుసుము' అంటూ మరో బిల్లు పంపారు. దయచేసి గుర్తుంచుకోండి: స్పామ్‌హాస్ తన జాబితా నుంచి ఐపీని తీసేయడానికి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. ఆ పేరు చెప్పి ఎవరైనా రుసుము అడిగితే అది వారి జేబులోకే పోతుంది.

మేము కట్టకపోయేసరికి ఐపీ మార్చి ఇచ్చారు. అది కూడా పాతదాని పక్క సంఖ్యల వరుసలోనిదే. ఈసారి మెయిళ్ళు తిరిగి రాలేదు, నేరుగా స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్ళాయి. ఒక కొనుగోలుదారు తన జీమెయిల్‌లో ఆ మెయిల్ అసలు రూపం తెరిచి తీసిన స్క్రీన్‌షాట్ పంపారు. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదుటా 'పాస్' అనే ఉంది. సెట్టింగులు తప్పన్న వాదన అక్కడితో తేలిపోయింది. చుట్టుపక్కల ఐపీలను వెతికి చూస్తే వాటిలో చాలావరకు ఏదో ఒక జాబితాకు ఎక్కినవే. ఇరుగుపొరుగు ఐపీల ప్రవర్తనను బట్టి కూడా మెయిల్ సంస్థలు అనుమానిస్తాయి.

కాబట్టి కొనేముందు మీకు ఇవ్వబోయే ఐపీ సంఖ్యను రాతపూర్వకంగా అడగండి. 'కొన్నాక కేటాయిస్తాం' అంటే అక్కడే ఆగిపోవడం మేలు. ఆ సంఖ్యను స్పామ్‌హాస్ సొంత తనిఖీ పేజీలోనే చూడండి. 8.8.8.8 వంటి పబ్లిక్ రిజాల్వర్ (అందరూ వాడుకునే డీఎన్‌ఎస్ వెతుకులాట సర్వర్) ద్వారా డీఎన్‌ఎస్‌లో వెతికితే వచ్చే 127.255.255.254 అన్న జవాబుకు ఐపీ జాబితాలో ఉందని అర్థం కాదు, ఆ దారిలో అడగకూడదని మాత్రమే. దాన్ని చూసి మంచి ఐపీని వదులుకున్నవారూ ఉన్నారు. పీటీఆర్ మీరు కోరిన పేరుతో రాసిస్తారా, సర్వర్ నుంచి మెయిళ్ళు బయటికి వెళ్ళే 25వ నంబరు పోర్టు (దారి) తెరిచి ఉంటుందా అన్నవి కూడా అడగండి. గూగుల్ క్లౌడ్ వంటి పెద్ద సంస్థలే ఆ పోర్టును మూసి ఉంచుతాయి కాబట్టి వాటి సర్వర్లను తిరిగి అమ్మే చిన్న విక్రేత చేతిలో ఆ సంగతి ఉండకపోవచ్చు. పోర్టు మూసి ఉంటే లాగ్‌లో తిరస్కరణ కోడ్ ఉండదు, 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అన్న వరుసలే కనిపిస్తాయి. ఏడాది ప్లాన్ ఎంత చౌకగా ఇస్తామన్నా మొదట ఒక నెలకే తీసుకోండి.

ప్రస్తుతం మేము మెయిళ్ళను అందుకోవడం మాత్రమే ఆ సర్వర్‌లో ఉంచి, పంపేవాటిని వేరే సంస్థ రిలే (మన మెయిళ్ళను తన సర్వర్ల మీదుగా పంపే సేవ) ద్వారా పంపుతున్నాము, ఇన్‌వాయిస్‌లు చేరుతున్నాయి. ఐపీ సరిగా లేకపోతే సొమ్ము వాపసు ఇస్తామన్న మాట కొటేషన్‌లో లేదంటూ విక్రేత వాపసుకు నిరాకరించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాము. అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవ దాని పరిధిలోకి రాదు. స్వయం ఉపాధితో బతుకు వెళ్ళదీయడానికి కొన్న వస్తువులకు చట్టం మినహాయింపు ఇచ్చింది, సేవల పేరు మాత్రం ఆ మినహాయింపులో లేదు. అయినా మీది స్వయం ఉపాధిగా నడిపే చిన్న దుకాణమైతే ఫిర్యాదులో ఆ విషయం మొదటి వాక్యంలోనే రాసి, కొటేషన్, చెల్లింపు రసీదు, తిరస్కరణ కోడ్ ఉన్న లాగ్ వరుసలు, ఆ ఐపీ జాబితాకు ఎక్కిన తేదీ కనిపించే పేజీ ప్రతి జతచేయండి.