అమ్మ సీరియళ్లు, రికార్డింగ్ బాక్సు, నా కోపం

టీవీలో వచ్చేవి రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా చూసుకోనిచ్చే డీటీహెచ్ రికార్డింగ్ బాక్సు మా ఇంటికి చేసిన మేలు ముందు చెప్పాలి. ఏడున్నర అయ్యేసరికి స్టవ్ కట్టేసి టీవీ ముందుకు పరిగెత్తే అమ్మ, అందరికీ వడ్డించి వంటిల్లు సర్దుకున్నాకే తీరిగ్గా చూడటం మొదలుపెట్టింది. ప్రకటనలు దాటిస్తే అరగంట సీరియల్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఒక ఛానల్ రికార్డవుతుంటే ఇంకోటి చూడొచ్చు కాబట్టి నాన్న వార్తలతో గొడవ లేదు.

కాకపోతే బాక్సు నమ్మేది ఛానల్ ఇచ్చిన టైంటేబుల్‌నే. రెండు సీరియళ్లు కలిపి ‘మహాసంగమం’ అని గంటసేపు వేసిన రోజున, మనం పెట్టిన అరగంటే రికార్డయి, సరిగ్గా గుట్టు బయటపడే చోట ఆగిపోయేది. గట్టి వాన పడితే మధ్యలో నల్ల తెరే. వీటికి అలవాటు పడ్డాం.

నా కోపం వేరే. ఒకరోజు బాక్సు ఆన్ అవడం మానేసింది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు విప్పి చూసి, "డిస్కు బాగానే ఉందండీ, బోర్డు పోయింది. కొత్త బాక్సు ఇస్తాం, రికార్డింగులు మాత్రం రావు" అన్నాడు. మా బావ ఆ డిస్కు తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది! ఏ బాక్సులో రికార్డయింది ఆ బాక్సులోనే ఆడేలా తాళం వేసి ఉంటుందట. డబ్బు పెట్టి కొన్నది మేము, తాళంచెవి వాళ్ల దగ్గర.

పోయిన సీరియళ్ల గురించి బాధ లేదు, అవి యాప్‌లో దొరుకుతాయి. బాధల్లా ఆ డిస్కులో ఉండిపోయిన ఒక వార్త గురించే. ఓ కనుమ నాటి జిల్లా వార్తల్లో కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం (అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర) చూపించారు. తలకు తువ్వాలు చుట్టుకుని, ప్రభ కింద భుజం పెట్టి ‘అశరభ శరభ’ అని అరుస్తున్న మా తాతయ్య అందులో రెండు క్షణాలు కనిపిస్తాడు. ఆ బిట్ ఏ యాప్‌లోనూ లేదు. ఛానల్‌కి ఫోన్ చేస్తే అంత పాతవి తమ దగ్గర ఉండవన్నారు. యాప్ వాళ్లు తమకు పనికొచ్చేవే ఉంచుతారు, ప్రభల తీర్థం వార్త ఎవరికి కావాలి?

సీరియళ్ల వరకైతే యాప్‌లదే పైచేయి. 2017లో సన్ నెక్స్ట్, 2018లో జీ5 వచ్చాయి. 2019లో 365 రూపాయలకి హాట్‌స్టార్ వీఐపీ తీసుకున్నాక, స్టార్ సీరియళ్లు సాయంత్రం టీవీలో రాకముందే పొద్దున్నే ఫోన్లో ఉండేవి. టిఫిన్ వేళకే అమ్మకి కథంతా తెలిసిపోయేది. ఏడున్నర దాకా ఆగే పక్కింటి అత్తయ్యగారు "చెప్పకమ్మా, చెప్పకు" అంటూ చెవులు మూసుకునేవారు. అయితే చవక ప్యాకుల్లో ప్రకటనలు దాటించనివ్వరు. ఆ సుఖం బాక్సులోనే ఉంది.

మా ఊళ్లో నెట్ సాయంత్రమైతే నత్తనడకే, అందుకని కొత్త బాక్సు ఉంచుకున్నాం. కనుమ వార్తలు మాత్రం టీవీకి ఎదురుగా ఫోన్ పెట్టి కూడా తీస్తున్నాను. మీకు వైఫై బాగుండి, చూసేది సీరియళ్లే అయితే దీని అవసరం పెద్దగా లేదు. అద్దెకిస్తే తీసుకోండి, కొనమని మాత్రం చెప్పను.