పెద్ద అక్షరాల తెలుగు బైబిలు: కొని వాడుతున్న ఒక పాస్టరమ్మ మాట

ముందు పుస్తకం సంగతి. ఇది పాత అనువాదమే, 66 పుస్తకాలూ ఉన్న పూర్తి బైబిలు, అక్షరాలు మాత్రం పెద్దవి. షుగరు వల్ల నాకు చూపు మందగించాక చిన్న బైబిల్లో ఒత్తులన్నీ కలిసిపోయి కనబడేవి. ఇందులో ఒత్తులు, దీర్ఘాలు, వచనాల అంకెలు దేనికది తేటగా ఉన్నాయి. రాత్రి ట్యూబ్‌లైటు కింద కూడా ఇబ్బంది లేకుండా చదువుకుంటున్నాను. బరువు మాత్రం ఎక్కువే. ఒళ్ళో దిండు వేసుకుని దాని మీద పెట్టుకోవాలి. గృహ కూటాలకు మోసుకెళ్ళే పుస్తకం కాదిది.

నేను పాస్టరు భార్యను. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా ప్రార్థన మనవి మా గుమ్మంలోకి వస్తుంది. నా మనవి ఎవరికి చెప్పుకోను? సంఘంలో నోరు విప్పితే, అమ్మగారికే విశ్వాసం సన్నగిల్లిందట అని చెప్పుకుంటారు. పాటలు పాడుతూనే, ప్రార్థనలు చేస్తూనే, లోపల మాత్రం దేవుడి కోసం అల్లాడిపోయేదాన్ని. ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టుకునేదాన్ని గానీ అది ఎవరి కోసమూ ఆగదు. కూరలో ఉప్పు చూసేలోగా అధ్యాయం అయిపోతుంది. నాకేమో ఒక్క వచనం దగ్గర కూర్చోవాలని ఉండేది.

ఈ బైబిలు వచ్చాక 139వ కీర్తన దగ్గర అలా కూర్చోగలిగాను. "నేను కూర్చుండుట నేను లేచుట నీకు తెలియును" అంటాడు దావీదు. నా రోజంతా అదే కదా! ఎవరో వస్తారు, లేస్తాను, టీ పెడతాను, వాళ్ళ బాధ విని మళ్ళీ కూర్చుంటాను. అదంతా ఆయన చూస్తున్నాడు. ఇంకో రెండు వచనాలు దాటితే, మాట నాలుకకు రాకముందే ఆయనకు పూర్తిగా తెలుసని ఉంది. నలుగురి ముందు మాటలు కూర్చి ప్రార్థించే అలవాటు నాది. ఆ పూట ఒక్క మాటా కూర్చలేదు, ఊరికే ఏడ్చాను. ఆయనకు తెలుసు.

ఇంకోటి గమనించాను. నీవు నన్ను పరిశోధించి తెలుసుకున్నావు అని మొదలయ్యే ఆ కీర్తన, నన్ను పరిశోధించి నా హృదయాన్ని తెలుసుకో అనే ప్రార్థనతో ముగింపుకు వస్తుంది. అంతా తెలిసినవాడినే ఇంకా తెలుసుకోమని అడుగుతున్నాడు! అంత ధైర్యం ప్రేమించేవాడి దగ్గరే వస్తుంది.

తర్వాత ఆదికాండం 16 తీశాను. అబ్రాము, ఆయన భార్య శారయి మాట్లాడుకునేటప్పుడు తమ ఇంటి పనిమనిషి హాగరును దాసి అనే అంటారు, ఒక్కసారి కూడా పేరు పలకరు. శారయి పెట్టిన బాధలు పడలేక పారిపోయి నీటి బుగ్గ దగ్గరున్న ఆమెను పేరు పెట్టి పిలిచింది దేవుని దూత. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని కూడా అడిగాడు. అందుకే ఆమె ఆయనకు "చూచుచున్న దేవుడవు" అని పేరు పెట్టింది. నన్ను పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు మా పుట్టింట్లోనే ఉన్నారు. ఊరందరికీ నేను అమ్మగారిని. ఆ పేజీ మీద చెయ్యి వేసి, ప్రభువా, నా పేరు నీకు తెలుసు అన్నాను.

లోపాలూ చెప్పాలి. కాగితం బాగా పలచన, పెన్నుతో గీస్తే వెనక పేజీలో కనబడుతోంది, పెన్సిలే వాడండి. కవరు జిప్పు త్వరగానే ఊడిపోయింది. మా వీధి టైలరుతో గుడ్డ సంచి కుట్టించుకున్నాను, అదే నయం. గుర్తుకు పెట్టుకునే రిబ్బను ఒక్కటే ఇచ్చారు, కీర్తనలకొకటి, సువార్తలకొకటి రెండుంటే బాగుండేది.

5కి 4 ఇస్తాను. చూపు తగ్గిన అమ్మానాన్నలకు కొనేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డరు పెట్టకండి. వాళ్ళనే షాపుకు తీసుకెళ్ళి, కీర్తనల పేజీ తెరిచి చేతికిచ్చి, వాళ్ళ కళ్ళకు ఆ అక్షరాలు ఆనుతున్నాయో లేదో చూసుకుని కొనండి.