కడియం నర్సరీలు: చూడ్డానికి పెద్దవి, కొనడానికి చిన్నవి

రాజమండ్రి దగ్గర మొక్కల నర్సరీలకు పేరుపడ్డ కడియం వెళ్లేవాళ్లలో ఎక్కువమంది సంక్రాంతి సెలవుల్లోనో, తొలకరి పడ్డాకో వెళ్తారు. ఫొటోలకు సంక్రాంతి బాగుంటుంది, నేలలో నాటేవాళ్లకు తొలకరి బాగుంటుంది. అరుదైన మొక్కల మోజున్నవాళ్లు మాత్రం ఫాల్గుణంలో వెళ్లాలంటాను. చలి పోయి చిగుళ్లు తొడిగే రోజులవి. అంటు కట్టడం, కుండీలు మార్చడం, కొమ్మలు నాటడం అన్నీ అప్పుడే చూడొచ్చు. ఎండలు ముదిరితే గోదావరి కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆలోపే పనులు తెముల్చుకోవాలని అందరికీ తొందర. అయినా బేరాలు పల్చగా ఉంటాయి కాబట్టి అడిగినదానికి తీరిగ్గా జవాబు చెప్తారు.

హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. మా వదినది అమలాపురం. ఆవిడ రావులపాలెం మీదుగా వచ్చే బస్సులో నేరుగా నర్సరీలుండే కడియపులంకలోనే దిగింది. రాజమండ్రి నుంచి సర్వీసు ఆటోలున్నాయి గానీ, మొక్కలు కొనే ఉద్దేశం ఉంటే పూటకింత అని ఆటో మాట్లాడుకోవడం మేలు. మా ఆటోఅబ్బాయికి ఏ వీధిలో ఏం దొరుకుతుందో తెలుసు. పైగా మొక్కలు ఎండలో పెట్టకుండా చెట్టు నీడ చూసి మరీ ఆపేవాడు.

బసకు మోరంపూడి జంక్షన్ దగ్గరా, గోదావరి గట్టు వైపూ రెండూ చూశాం. హైవే వైపు దిగితే కడియం దగ్గర, కానీ రాత్రంతా లారీల హారన్లే. గట్టు వైపు హోటల్లో కిటికీ తీస్తే గోదారి. అద్దె కాస్త ఎక్కువైనా నా ఓటు దానికే. అయితే మొక్కల సంచులు గదిలోకి తేవద్దని రిసెప్షన్‌లో పట్టుబట్టారు. నర్సరీల పక్క ఊళ్లో హోటల్ నడుపుతూ ఇదేం పద్ధతో! గది తీసుకునే ముందే అడగండి. భోజనం సంగతికొస్తే, ఆ సీజన్‌లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎక్కడ కనిపిస్తే అక్కడ కూర్చోండి.

హైవే మీది పెద్ద నర్సరీలు చూడదగ్గవే. స్పెయిన్ నుంచి ఓడల్లో వచ్చిన ముసలి ఆలివ్ చెట్లు, మెలికలు తిరిగిన ఫైకస్ (మర్రి జాతి) బోన్సాయ్‌లు, ఎర్రటి ఆకుల అగ్లోనిమా మొక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. దారులు శుభ్రంగా ఉంటాయి. కానీ ఏ మొక్క ఎక్కడ పుట్టింది, ఎన్నాళ్ల క్రితం వచ్చింది అని అడిగితే అక్కడున్న కుర్రాళ్లకు తెలిసేది ధర ఒక్కటే.

నేను కొన్నవన్నీ పక్కనే ఉన్న బుర్రిలంక ఊరి లోపలి సందులో, అర ఎకరం కూడా ఉండని ఒక నర్సరీలో. బోర్డు లేదు, కూర్చోడానికి ఓ సిమెంటు అరుగు, అంతే. బాత్రూం లేదు, ఆడవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది. షేడ్‌నెట్ (నీడ వల) కింద ఇద్దరమ్మాయిలు అడీనియం, అంటే ఎడారి గులాబీ, అంటు కడుతున్నారు. గింజతో లేచిన మొక్క తల నరికి, అక్కడ గాటు పెట్టి, కారే పాలు గుడ్డతో ఒత్తి, కావలసిన పువ్వు రకం కొమ్మ ముక్కను కోసుగా చెక్కి ఆ గాట్లో దింపి టేపు చుట్టారు. పైన చిన్న పాలిథిన్ కవరు తొడిగారు. ప్రతి కోతకీ బ్లేడు స్పిరిట్‌తో తుడవాల్సిందే. ఆ పాలు విషం కాబట్టి అన్నానికి లేచేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటారు. అంటు కలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే కుళ్లిపోతుందట, అందుకే వానలకు ముందే ఈ పని.

“కొమ్మ నాటితే సరిపోదా అండీ?” అని అడిగాను.

“ఆయ్, బతుకుద్దండి. కానీ మొదలు ఊరదు. అడీనియానికి అందం మొదల్లోనే కదమ్మా” అన్నాడు యజమాని.

గింజ మొక్కకు మొదలు బాగా ఊరి లావెక్కుతుంది గానీ పువ్వు తల్లిలాగే వస్తుందన్న నమ్మకం లేదు. ఊరిన మొదలూ, కోరిన పువ్వూ రెండూ ఒకే మొక్కలో కావాలంటే అంటు కట్టడమే దారి.

థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ఫిలోడెండ్రాన్లను (ఆకుల అందం కోసం పెంచేవి) ఆయన వెంటనే అమ్మడు. కోకోపిట్‌లోంచి (కొబ్బరిపొట్టు) తీసి తన మిశ్రమంలోకి మార్చి, ఇక్కడి గాలికి రెండు కొత్త ఆకులు వేశాకే బయటపెడతాడు. ధర మాత్రం హైవే మీదికన్నా తక్కువేం కాదు, ఒకట్రెండు రకాలు ఎక్కువే. అయినా ఇస్తాను. హైదరాబాద్ మిద్దె మీది పొడిగాలికి, ఓడ దిగిన మొక్కకన్నా ఇలా అలవాటుపడ్డ మొక్క తట్టుకుంటుంది. కుండీ ఎత్తి అడుగున తెల్ల వేరు కనబడుతోందో లేదో చూడండి. ఆయన తానే ఎత్తి చూపించాడు.

వదిన కన్ను రంబుటాన్ పండ్ల మొక్క మీద పడింది. కోనసీమ తేమకు అది సరిపోవచ్చు, నా మిద్దెకు కాదు. గింజ మొక్క అయితే మగది కావచ్చు, అప్పుడు కాయే ఉండదు. ఆవిడ అంటు మచ్చ వేలితో తడిమి చూసుకున్నాకే డబ్బులిచ్చింది.

ప్యాకింగ్ గురించి ఒక్కమాట. అడీనియాలకు ముందే నీళ్లు ఆపి, మట్టి దులిపి, పేపరు చుట్టి ఇచ్చారు. ఇంటికెళ్లాక నాటిన వారం దాకా నీళ్లు పోయొద్దన్నారు. ఆకుమొక్కలకు వేర్ల చుట్టూ తడి కొబ్బరిపీచు కట్టారు. ట్రాన్స్‌పోర్టు లారీలో వేస్తే చవకే గానీ, మెత్తటి ఆకులున్నవి దారిలో నలుగుతాయి. నేను ఆకుమొక్కలు రైల్లో నాతోనే తెచ్చుకున్నాను, అడీనియాలు లారీకిచ్చాను. అన్నీ క్షేమంగానే చేరాయి, ఒక అట్టపెట్టె మాత్రం మూల నలిగింది.